ముక్కుదొర ఇంటి వంట

అందులో అంత విడ్డూరం ఏముంది, ఉన్నమాటే కదా తను అన్నది, ఆ రెండో వెనిల్లా సీసా మూత తియ్యగానే ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట వాసన వచ్చింది, వచ్చిందే చెప్పింది, ఇది పాడైపోయింది, మొదటి సీసాలోదే వాడుకుందాం అంది, దానికి సీసాలమ్మ అలా చేతులు చరిచి, అయ్యో వదినా, అచ్చం మీ ఆయన మాట, అక్షరం పొల్లు పోలేదు, అని గదంతా దద్దరిల్లేలా అరవాలా, అరిచింది, అరిచి ఆయనది, అదే, ఆ ముక్కుదొరది, కథంతా నలుగురికీ వినిపించి, తన కేకు టిన్నును కూడా ఓవెన్‌లోకి తోసి, వెళ్ళి కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది, కథ మాత్రం ఆమెతో పోలేదు, ఇక్కడే ఓవెన్ ముందు, ఎత్తు స్టూలు మీద కూర్చున్న తన ఒళ్ళో పడి ఉంది, దింపుకుందామంటే చోటు లేదు, ఓవెన్ మీద కోడిపెట్ట ఆకారంలో ప్లాస్టిక్ గడియారం ఒకటి, టీచరు దాని మెడ మెలితిప్పి ముప్పై అయిదు నిమిషాలకు పెట్టింది, అది టిక్కుటిక్కుమంటూ మెడ వెనక్కి తిప్పుకుంటోంది, అది మోగేదాకా తలుపు తెరవకండి, తెరిస్తే కేకు కుంగిపోతుంది అని మొదటిరోజే చెప్పింది టీచరు, కుంగిపోవడానికి తలుపే తెరవాలా ఏమిటి, మనుషులు కూర్చున్నచోటే కుంగిపోతారు.

బేకరీ వెనక గది ఇది, ముందు గదిలో అమ్మకం, ఈ గదిలో నేర్పడం, ఆరుగురు ఆడవాళ్ళు, మూడు నెలలు, వెన్నా పంచదారా ఎంతసేపు గిలకొడితే తెల్లబడతాయో, గుడ్లు ఒకేసారి పోస్తే ఎందుకు విరిగిపోతాయో, మైదా కలిపేటప్పుడు చెయ్యి ఎందుకు తేలిగ్గా ఆడాలో, అంతా కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం చదవడానికే తను ఏడాదిపాటు సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దింది, యాభై నాలుగో ఏట, ఆయన పోయిన మరుసటి ఏడు, ఆయన ఉన్నన్నాళ్ళూ నీకెందుకే చదువు, ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసుకుంటావా, అయినా కూరలో పడదు కదా, అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది, ఇవాళ ఆఖరిరోజు, ఇవాళే పరీక్ష, ఎవరి కేకు వాళ్ళు కోసుకుని, నోట్లో వేసుకుని, ఇంకొకరి మొహం చూడకుండా పైకి చెప్పాలి, ఎలా వచ్చింది, ఏం తక్కువైంది, దీన్ని అమ్మొచ్చా, అమ్మకూడదా, అంతే, అందులో నెగ్గినవాళ్ళలో ఒకరిని బేకరీలోకి తీసుకుంటారు, పిండి కలిపే పనికి కాదు, ప్రతి తట్టలోంచీ ఒక ముక్క తుంచి రుచి చూసి, బాగాలేకపోతే తట్ట తట్టే వెనక్కి పంపే పనికి, ఆ పని తనకు కావాలి, ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు, నిన్న సాయంత్రం టీచరు పక్కకు పిలిచి, పెద్దమ్మా, నీ చేతికి వంక పెట్టడానికి లేదు, ఈ ఆరుగురిలో నీ చెయ్యే చెయ్యి, కానీ నువ్వు ముక్క నోట్లో పెట్టుకుని నా మొహం చూస్తావు, నా మొహంలో ఉంటుందా రుచి, రేపు కూడా బాగుందో లేదో మీరే చెప్పండి అన్నావనుకో, నేనేం చెయ్యలేను, అంది, తను తల ఊపింది, తల ఊపడం తనకు బాగా వచ్చు.

ఎందుకు కావాలంటే, కూతురింట్లో వంటగది తనది కాదు కనక, కూతురు మంచిదే, అమ్మా నువ్వు కూర్చో, నేను చేస్తాలే అంటుంది, ఆ మాటలో ప్రేమ ఎంతో భయం ఎంతో తూచే తక్కెడ ఏ బేకరీలోనూ లేదు, మొన్న ఇంటికి భోజనానికి ఎవరో వస్తున్నారంటే, అమ్మా, ఇవాళ మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు, సరేనా, అంది, నవ్వుతూనే అంది, దాని తప్పేముంది, ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అదే విన్నది, నాన్న కంచం ముందు కూర్చోవడం, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగడం, ఆ ఆగడం ఉందే, తల్లీకూతుళ్ళిద్దరికీ ఊపిరి ఆగేది, చప్పగా ఏడ్చింది, గడ్డి నయం, ఉప్పేదీ, కారమేదీ, నీ చేతిలో ఏదో పోయిందే, అసలు నీకు నాలుకుందా, పిల్ల కూడా చెంచా పక్కన పెట్టేది, నాన్న తినందే అది తినేది కాదు, నాన్న నాలుక మామూలు నాలుకా మరి, సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం ఆయనది, ఏ సబ్బులో ఏ సుగంధం ఎంత పడాలో, ఏ సరుకు చెడిందో, ఏది బయటికి పోవచ్చో ఆయన ముక్కే తేల్చాలి, ముక్కుదొర అని పేరు పెట్టారు ఫ్యాక్టరీలో, అలాంటి మనిషి బాగాలేదంటే బాగాలేనట్టే, చుట్టాలెవరైనా వచ్చి, అదేంటి, కమ్మగా ఉంది కదా అంటే తను నమ్మేది కాదు, పాపం మొహమాటానికి అంటున్నారు అనుకునేది, ఒకరోజు మానేసింది, ఏ రోజో గుర్తులేదు, పొయ్యి మీది గరిట తీసి అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూడడం మానేసింది, చూసి ఏం లాభం, తన నాలుక అబద్ధాల నాలుక అని తేలిపోయాక, కొలత మీద వండింది, అలవాటు మీద వండింది, కళ్ళు మూసుకుని పళ్ళు తోముకున్నట్టు వండింది, పందొమ్మిదేళ్ళు, కాదు, ఉద్యోగం అయిపోయాక ఇంట్లో ఉన్న నాలుగేళ్ళు కూడా కలుపుకుంటే ఇరవై మూడు, ఈ బేకింగ్ నేర్చుకోవడానికి వచ్చింది కూడా అందుకే, తూకం ఉంటుందని విని, గ్రాములూ, నిమిషాలూ, మంట అంకెలూ ఉంటాయని విని, నాలుకతో పనిలేని వంట ఒకటి ఉందట అని ఆశపడి వచ్చింది, చివరికి ఇక్కడ కూడా నాలుకే అడుగుతున్నారు.

టిక్కు, టిక్కు, ఎనిమిది నిమిషాలైంది కాబోలు, గాజు తలుపులోంచి పిండి అంచులు కాస్త పైకి లేస్తున్నాయి, మధ్యలో ఇంకా నీళ్ళలా వణుకుతోంది, సీసాలమ్మ ఏమంది, ఒక్కో మాటా మళ్ళీ ఏరుకోవాలి, చాటలో గింజలు ఏరినట్టు, ఆమెదీ అదే ఫ్యాక్టరీ, నమూనాల సీసాలు కడిగే పని, అందుకే సీసాలమ్మ, తనను వదినా అని పిలవడం కూడా ముక్కుదొర మీది గౌరవంతోనే, ఏమందంటే, మీ ఆయన గొప్పతనం మీకేం తెలుసు వదినా, మిగతావాళ్ళందరూ ఆ గదిలోనే మూతులు తిప్పుకుంటూ వాసనలు చూసేవాళ్ళు, ఆయన చూడడే, చూడనే చూడడు, ఈ గదిలో గాలంతా కలగాపులగం, ఇందులో ఏం తెలుస్తుంది, ఇంటికెళ్ళి చూసి చెబుతా అని సుగంధంలో ముంచిన ఆ కాగితపు పట్టీలు డబ్బాలో పెట్టుకుని పోయేవాడు, గేటు దాటించకూడదు, అయినా ఆయనకెవడు అడ్డం చెబుతాడు, పొద్దున వచ్చి గడగడా చెప్పేవాడు, మూడో నంబరు చెడింది, అయిదో నంబరులో నూనె పాతది, అంతా నిజమయ్యేది, ఒక్కటి తప్పితే ఒట్టు, ఆ చెప్పడం కూడా ఎంత ముచ్చట, ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట వాసన అన్నాడు ఒకసారి, ఇంకోసారి కడిగి బోర్లించిన ఇత్తడి గిన్నె లోపలి వాసన అన్నాడు, మా పెద్ద మేనేజరు పడీపడీ నవ్వి, ఇతను ముక్కుతో కవిత్వం చెబుతున్నాడయ్యా అన్నాడు, ఇప్పుడు మీరూ అదే మాట అంటే నాకు ఒళ్ళు జలదరించింది, భార్యాభర్తలంటే అట్లా ఉండాలి వదినా, ఒకరి మాట ఒకరి నోట్లో, అని కళ్ళు తుడుచుకుంది కూడా, కళ్ళు తుడుచుకున్న ఆ మనిషిని చూస్తూ తను నవ్వింది, చేతిలో గరిటె ఆగలేదు, పిండి టిన్నులో పోసింది, అడుగున కాగితం ముడత పడకుండా చూసుకుంది, టిన్నును బల్లకు రెండుసార్లు తట్టి గాలి పోగొట్టింది, లోపల గాలి మాత్రం పోలేదు.

ఒకరి మాట ఒకరి నోట్లో, ఎవరి మాట ఎవరి నోట్లో, ఇత్తడి గిన్నె తనది, తడిబట్ట తనది, వానకు ముందు దుమ్ము అన్నదీ తనే, పసిపిల్ల మాడు వాసన అన్నదీ తనే, సాయంత్రం ఆరింటికి ఆయన వచ్చేవాడు, చెప్పులు విప్పేవాడు, మూత గట్టిగా పట్టే ఒక చిన్న రేకు డబ్బా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేవాడు, టీ కూడా తరవాతే, ఏదీ ఇట్రా, నీ ముక్కు ఏపాటిదో చూద్దాం, అదొక ఆట, ఇంట్లో ఉన్న ఆట అదొక్కటే, తను చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చేది, పట్టీల మీద పెన్సిలుతో ఏవో అంకెలు, చదువు రానిదానికి చూపిస్తే మాత్రం ఏం పోయింది అనేవాడు, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకునేది, కళ్ళు మూసుకునేది, ఏమనిపిస్తే అది చెప్పేది, ఇది బాగుందండీ, ఇది నిన్నటిదానికంటే కాస్త పుల్లగా ఉంది, ఇదేంటి, ఇందులో ఏదో కుళ్ళిందండీ, ఆయన వినేవాడు, చాలా శ్రద్ధగా వినేవాడు, పెళ్ళయినప్పటి నుంచీ తను చెప్పిన మాట ఆయన ఆపకుండా విన్నది ఆ పది నిమిషాలే, అందుకేగా తనకు ఆ ఆట అంటే అంత ఇష్టం, ఎన్ని వంకలు పెట్టినా మనిషి మంచివాడే, సాయంత్రం నాతో కూర్చుంటాడు అని పక్కింటావిడతో కూడా గొప్పగా చెప్పుకుంది, చివర్లో నవ్వేవాడు, నీ మొహం, నీ ముక్కు, అన్నీ తప్పే, అని పట్టీలు మళ్ళీ డబ్బాలో పెట్టుకునేవాడు, అన్నీ తప్పేనట, అన్నీ తప్పయిన ఆ మాటల్నే పొద్దున అక్షరం పొల్లుపోకుండా మోసుకెళ్ళి ఒప్పచెప్పేవాడు, దొరగారు.

అయితే ఎప్పటినుంచి, లెక్క వెయ్యాలి, పెళ్ళైన కొత్తలో ఈ ఆట లేదు, వంకలూ లేవు, మొదటి ఎనిమిదేళ్ళూ కంచం నాకినట్టు తినేవాడు, ఇంకో ముద్ద వెయ్యవే అనేవాడు, వాకిట్లోంచే ఇవాళ ఏం వండావో చెప్పనా అనేవాడు, చెప్పేవాడు కూడా, ఆ మాట మానేసింది ఎప్పుడు, పిల్లకు ఆరో ఏడు, ఆ జ్వరం, పదిరోజులు మంచం దిగలేదు, దిగాక తిన్న మొదటి ముద్ద, ఆగాడు, ఇదేంటే, చప్పగా ఉంది, జ్వరం నోరు కదండీ అంది తను, వారం పోయింది, నెల పోయింది, చప్పన పోలేదు, ఇంకా ఉప్పు, ఇంకా కారం, తరవాత ఒకరోజు, పాలు, అమ్మో, ఆ పాలు, తను వీధి కుళాయి దగ్గరకు పోయి వచ్చేసరికి వాకిట్లోకే కొట్టింది మాడు వాసన, పరుగెత్తింది, గిన్నె అడుగు బొగ్గు, పొగ అప్పుడే లేస్తోంది, ఆ గదిలోనే, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు ఆయన, పొగ చూసి ఉలిక్కిపడి లేచాడు, వాసన చూసి కాదు, పొగ చూసి, ఏంటండీ, ఇంత వాసనొస్తుంటే అంటే మొహం పాలిపోయింది, అది కోపం అనుకుంది తను, ఇల్లు తగలబెడతావటే అని అరిచాడు, పొయ్యి మీద పెట్టి ఊరు తిరుగుతావా అన్నాడు, తను క్షమించండి అంది, తనే అంది, మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె తోముతూ అంది, అదేం మొహమో ఇప్పుడు తెలుస్తోంది, దొరికిపోయిన మొహం అది, ముక్కు పోయింది, జ్వరంతో పోయింది, ముక్కుతో బతికే మనిషికి ముక్కు పోయింది, పాపం, అవును పాపమే, పాపమని ఒప్పుకోవడానికి తనకేం అభ్యంతరం లేదు, ఒక్క మాట చెప్పి ఉంటే, ఒసే, నాకు వాసన తెలియడం లేదే, నువ్వు చూసి పెట్టు, అని, చచ్చేదాకా చూసి పెట్టేది కదా, గోడకు కూడా చెప్పేది కాదు, వంట కూడా మార్చేది, వాసన లేకపోతే పోయె, కరకరలాడేవీ, పుల్లగా గుచ్చేవీ, నోటికి తగిలేవీ వండిపెట్టేది, వేడి చూసి, చల్లన చూసి, ఆ నాలుక్కి మిగిలినవాటితోనే పండగ చేసేది, ఆయన అడగలేదు, అడిగితే ఇచ్చే వస్తువును అడగకుండా తీసుకున్నాడు, తీసుకున్నది చాలక ఇచ్చిన చేతినే కొట్టాడు.

ఫ్యాక్టరీవాళ్ళు ఆయనకు పెట్టిన వీడ్కోలు సభలో మూడో వరుసలో కూర్చుంది తను, వేదిక మీద ఎవరో, ఇరవై ఏళ్ళుగా ఈ ఫ్యాక్టరీ పరువంతా ఈ ముక్కు మీద నిలబడింది అన్నాడు, అందరూ చప్పట్లు, తనూ చప్పట్లు, అరచేతులు మండేలా, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, తన సన్మానానికి తనే టిక్కెట్టు లేకుండా వచ్చి కింద కూర్చుని చప్పట్లు కొట్టి పోయింది, ఆ రోజు ఆయనకిచ్చిన ఇత్తడి పలక ఇప్పుడు కూతురింటి ముందు గదిలో ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది, మా నాన్న, అంటుంది, ఆ రెండు మాటల్లో ఎంత వెలుగు, ఆ వెలుగు ఆర్పాలా, ఆర్పితే తనకేం వస్తుంది, చీకట్లో ఇద్దరూ కూర్చోవడమే కదా, పోనీ చెప్పకపోతే, చెప్పకపోతే రేపూ ఎల్లుండీ, అమ్మా, ఇవాళ నువ్వు చెయ్యి పెట్టకు.

వాసన, అదిగో, మారింది, ఇప్పుడే, ఇంతసేపూ గుడ్డు వాసన, తరవాత వెచ్చటి వెన్న, ఇప్పుడు వెన్న వెనక్కి తగ్గి పంచదార ముందుకొచ్చింది, అంచుల దగ్గర పంచదార రంగు తిరుగుతోంది, ఇంకో నిమిషం ఆగితే కమ్మదనం దాటి పొడిదనంలోకి పోతుంది, కోడిపెట్ట వంక చూసింది, ఇంకా ఏడు నిమిషాలు, టీచరు ముందు గదిలో ఫోనులో ఉంది, ఓవెన్ మంట ఇవాళ ఎక్కువుంది కాబోలు, లేక టిన్ను చిన్నదో, ఏమో, గంట మోగలేదు కదా, మోగేదాకా తెరవద్దన్నారు కదా, తన ముక్కు అబద్ధాల ముక్కు కదా, అన్నీ తప్పే కదా, ఎవరన్నారు తప్పని, ఆగు, ఎవరన్నారు, ఒక్కటి తప్పితే ఒట్టు అంది సీసాలమ్మ, పందొమ్మిదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి, లారీలకు లారీలు కదిలాయి తన మాట మీద, ఆగాయి తన మాట మీద, అయినా కాళ్ళు స్టూలు దిగడం లేదు, కాళ్ళకింకా కబురు చేరలేదు, వాసన మాత్రం కాళ్ళ కోసం ఆగదు, దిగింది, మందపాటి గుడ్డ చేతికి చుట్టుకుంది, తలుపు తెరిచింది, మొహానికి వేడి కొట్టింది, అయ్యో వదినా, గంట మోగలేదు, నాది ముట్టుకోకండి బాబూ, నాది గంట మోగాకే, అని కిటికీ దగ్గర్నుంచి కేక, నీది నీ ఇష్టం, నాది అయిపోయింది, అంది తను, ఆ గొంతు ఎవరిదో తనకే తెలియలేదు, పుల్ల గుచ్చి తీసింది, పుల్లకు తడి లేదు, పొడి లేదు, మధ్యలో వేలితో నొక్కితే మెల్లగా పైకి వచ్చింది, టిన్ను బల్ల మీద పెట్టింది.

కోడిపెట్ట మోగాక మిగతావాళ్ళవీ తీశారు, సీసాలమ్మ కేకు అంచులు అట్టలా అయ్యాయి, ఫరవాలేదులే, టీలో ముంచుకుంటే దిగుతుంది అని నవ్వింది ఆమె, చల్లారాక టీచరు ఒక్కొక్కరి ముందుకూ వచ్చి నిలబడింది, అందరికంటే ఆఖరున తన వంతు వచ్చింది, కోసింది, ముక్క నోట్లో పెట్టుకుంది, కళ్ళు వాటంతట అవే టీచరు మొహం వైపు లేచాయి, పాత కుక్కల్లా, లాగి బల్ల మీద పడేసింది వాటిని, నమిలింది, ఇరవై మూడేళ్ళ తరవాత నోట్లో ఉన్నది ఏమిటో నోటినే అడిగింది, నోరు చెప్పింది, అంత సులువుగా చెబుతుందని అనుకోలేదు, వెన్న బాగా నలిగింది, లోపల మెత్తగా ఉంది, వెనిల్లా సరిపోయింది, కానీ ఉప్పు లేదు, చిటికెడు పడాల్సింది, పడనందుకు తీపి నాలుక మీద అలాగే కూర్చుండిపోతోంది, లేవడం లేదు, అంది, అమ్మొచ్చా పెద్దమ్మా, అంది టీచరు, అమ్మకూడదు, ఉప్పు వేసి మళ్ళీ చేశాక అమ్మాలి, అంది తను, టీచరు నవ్వింది, కాగితంలో ఉప్పు నేను కావాలనే రాయలేదు, ఎవరు పట్టుకుంటారో చూద్దామని, అయిదుగురిని అడిగాను, అయిదుగురూ బ్రహ్మాండం అన్నారు, సోమవారం ఆరింటికి వచ్చెయ్ పెద్దమ్మా, ముందు గదిలోకి, అంది, అందరూ చప్పట్లు కొట్టారు, సీసాలమ్మ అందరికంటే గట్టిగా, ఎంతైనా ముక్కుదొర ఇల్లాలు, ఆ గాలి తగలకుండా పోతుందా అంది, తను ఏదో అనబోయింది, ఎవరి గాలి ఎవరికి తగిలిందో అనబోయింది, మింగింది, కోరిన పని వచ్చింది, సంతోషం కోసం లోపలంతా వెతికింది, ఉంది, అడుగున ఎక్కడో ఉంది, దాని మీద ఇంత బరువు పెట్టి ఉంది.

కూతురు వచ్చింది తీసుకెళ్ళడానికి, మెట్ల దగ్గరే నిలబడి, అమ్మా అయిందా అంది, సీసాలమ్మ ఊరుకుంటుందా, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, మీ అమ్మ ఫస్టమ్మా, ఇదిగో తిను, అని ముక్క చేతిలో పెట్టింది, కూతురు ఒక క్షణం ఆగింది, ముక్కను అటూ ఇటూ చూసింది, ఆ ఆగడం తనకు తెలుసు, వాళ్ళ నాన్నదే, తరవాత కొరికింది, నమిలింది, దాని కనుబొమలు పైకి లేచాయి, నిజంగా నువ్వే చేశావా, ఎవరూ సాయం పట్టలేదా, ఇంత బాగా ఎప్పుడొచ్చిందమ్మా నీకు, ఇంకో ముక్క ఇవ్వు, అంది, నోటినిండా పెట్టుకుని, పెదవికి అంటిన పొడి తుడుచుకోకుండా, మెల్లగా, ఎంతో ఆపేక్షగా అంది, నాన్న ఉంటే ఏమనేవాడో కదా, ఏమనేవాడో, ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు ఉంది, ఇప్పుడే వచ్చింది, వేడి వేడిగా వచ్చింది, కంచం తోసేసేవాడు, రోజూ తోసేవాడు కాదు కదా, ఇన్నేళ్ళూ రోజూ అనుకుంది, కాదు, కొన్ని రోజులు ఏం మాట్లాడకుండా తిని లేచిపోయేవాడు, కొన్ని రోజులే కంచం తోసేవాడు, ఏ రోజులవి, ఈ పట్టీలో కుళ్ళిన ముల్లంగి వాసన ఉందండీ, ఎవరికీ తెలియదేమో గానీ ఉంది, అని తను ఖాయంగా చెప్పిన రోజు, ఆ రోజు ఇంట్లో చుట్టాల ముందు కంచం అవతలికి తోసి, నాలుక లేనిదాన్ని కట్టుకున్నాను అన్నాడు, వాళ్ళమ్మ ముందు తోసిన రోజు, పిల్ల పుట్టినరోజునాడు తోసిన రోజు, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి చూసుకుంటే, ప్రతి తోసిన కంచం పక్కనా ఆ రేకు డబ్బా ఉంది, పట్టీలు తెచ్చిన సాయంత్రాలే అవి, అందులోనూ తను తడుముకోకుండా, ఠపీమని, మళ్ళీ అడిగినా అదే మాట మీద నిలబడి చెప్పిన సాయంత్రాలే అవి, చప్పగా ఉందని కాదు, చప్పగా ఉందో లేదో ఆయనకు ఎలా తెలుస్తుంది, ఆయన ముక్కు పోయిందన్న భయం కూడా కాదు, పెళ్ళానికి ఆ ముక్కు ఉందని పెళ్ళానికే తెలిసిపోతుందేమోనన్న భయం, అంత ముక్కు ఉన్న మనిషి వంట ఎలా ఉంటుందో ముక్కుతో బతికిన ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు, అమ్మా, ఏంటి అలా చూస్తున్నావు, చెప్పు, నాన్న ఏమనేవాడు, అంటోంది కూతురు, తను దాని పెదవి మీది పొడి చీర కొంగుతో తుడిచింది, తుడుస్తుంటే అన్నీ ఆగి ఒక్కటే మిగిలింది, ఒక్క ముద్ద రుచి కూడా తెలియని ఆ మనిషికి, ఆ వంట బాగుందని మాత్రం రోజూ తెలుసు.